ఇరవై రెండో అర

మా మావయ్యగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను పప్పులోకి తాలింపు పెడుతున్నాను. ఫోన్ తణుకు నుంచి, మా ఆడపడుచు. "పొద్దున్న పక్కింటోళ్ళ మోటారు విప్పి బాగుచేసొచ్చేరు వదినా. అన్నం తిని వాలుకుర్చీలో కూర్చున్నారు. అంతే," అంది. కోవిడ్ కాదు, గుండె. ఈ మే నెలలో కోవిడ్ కాకుండా పోవడం కూడా అదృష్టమేనని ఏడుస్తూనే అంది, నేనూ అవునన్నాను. జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో మా వంటింటి కిటికీ అవతల ఎండ చక్కగా కాస్తోంది. ఫోన్ ఒక చేతిలో ఉంది, స్టవ్ మీద నూనె కాగింది, రెండో చెయ్యి తనంతట తనే మీట నొక్కింది. పళ్ళెం టకటకా తిరిగి ఆవాలు మూకుట్లో పోసింది. చిటపటలాడాయి గానీ ఒక్కటీ మాడలేదు. ఆ యంత్రం మాడనివ్వదు. చేసిన మనిషి పోయాడని తెలిసిన నిమిషంలో కూడా మాడనివ్వలేదు.

ఆ యంత్రం రష్యా యుద్ధ ట్యాంకులో ఉండే యంత్రానికి చిన్న తమ్ముడు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మేమింకా ఈ ఇంట్లో ఉన్నామంటే అది దాని చలవే. మా మావయ్యగారి గురించి చెప్పాలంటే దాని గురించే చెప్పాలి, ఆయనకీ అదే ఇష్టం.

ముందొక మాట ఒప్పేసుకుంటాను. ఆయనంటే నాకు మొదట్లో అస్సలు పడేది కాదు. ఆయన మన సైన్యంలో ట్యాంకులు బాగుచేసే వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి సుబేదారుగా రిటైరయ్యారు. మొదట టీ-72లు, తర్వాత టీ-90లు. ఇంజన్ల మోతకి ఎడమ చెవి దాదాపు పోయింది కాబట్టి ఆయన ఏం మాట్లాడినా వీధి చివరికి వినపడేది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత గుడ్డ ముక్క. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాన్ని తుడిచేవారు. "ముందు తుడు, తరవాత చూడు, అప్పుడు మాట్లాడు," అనేది ఆయన పద్ధతి. మేం పెళ్ళికి కొనిచ్చిన వాచీని కూడా తుడిచాకే చూశారు.

ఆ పెళ్ళిలోనే కదా, భోజనాల బంతిలో మా నాన్న పక్కన కూర్చుని, రష్యావాళ్ళ ట్యాంకు కవచం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి రెండు అప్పడాల మధ్య గోంగూర పచ్చడి పూశారు. "ఇవి రెండు ఇనప రేకులండి బావగారూ. మధ్యలో ఉన్నది మందు. శత్రువు గుండు తగిలిందనుకోండి, మందు పేలి రేకులు రెండూ ఎగిరి ఆ గుండునే విరగ్గొడతాయి. ట్యాంకు వొంటినిండా ఇలాంటి ఇటికలు తొడిగేరన్నమాట." అంటూ అప్పడాల మీద ఒక్కటి వేశారు. గోంగూర మా నాన్న పట్టు పంచె మీద పడింది. మా నాన్న దాన్ని తుడుచుకోవాలో, భేష్ అనాలో తెలియక పెరుగు కలుపుకున్నారు. మా ఆయన తల పట్టుకున్నాడు. సెలవులకి వచ్చిన ప్రతిసారీ తండ్రి దగ్గర ట్యాంకు కథలే విని పెరిగిన మనిషి, ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

అలాంటి మావయ్యగారు పోయినేడాది ఫిబ్రవరి చివర్లో మనవరాలిని చూడ్డానికి మూడు నెలలకని వచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే అంతా మూతపడింది. పిల్లల బడి కీటా మూసేశారు, విమానాలు ఆపేశారు. నాకు ఆఫీసులో కుర్‌త్సార్బైట్ పెట్టారు, అంటే సగం పని, సగం ఇంటిపట్టున. మా ఆయన పడగ్గదిలో లాప్‌టాప్ ముందు, మా ఐదేళ్ళ పాప హాల్లో, మావయ్యగారు అన్ని చోట్లా.

దీనికి తోడు మా నెత్తి మీద ఒక కత్తి వేలాడుతోంది. మా ఇంటి ఓనరు గారు కింద అంతస్తులోనే ఉంటారు. ఒంటరి మనిషి, భార్య పోయి మూడేళ్ళయింది. మా ఒప్పందం రెండేళ్ళకి రాసుకున్నది, సెప్టెంబరు ఆఖరికి అయిపోతుంది. ఆ జనవరిలోనే కవర్లో ఉత్తరం పెట్టి మా పెట్టెలో వేశారు: పొడిగించే ఉద్దేశం లేదు. కారణాలు కూడా వరసగా రాశారు. ట్రెప్పెన్‌హౌస్, అంటే మెట్ల దారి, నిండా మాడిన నూనె వాసన, ఆదివారాలు కూడా. తలమీద చప్పుళ్ళు. ఈ ఊళ్ళో మామూలు రోజుల్లోనే ఇల్లు చూడ్డానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకదు, లాక్‌డౌన్‌లో ఎవడిస్తాడు? సగం జీతం కాగితం చూపిస్తే ఎవడు తలుపు తీస్తాడు? రోజూ పొద్దున్నే లేచి సెప్టెంబరుకి ఎన్ని వారాలుందో లెక్కపెట్టుకునేదాన్ని. ఆ భయంలో ఉండగా మావయ్యగారు అయిదింటికి లేచి, ఓనరు గారి పడగ్గదికి సరిగ్గా పైన, సైన్యం వ్యాయామం చేసేవారు. దబ్, దబ్, దబ్.

"మావయ్యగారూ, కింద ఆయన కంప్లయింట్ చేస్తాడండీ," అంటే, "ఏవన్నావమ్మాయ్?" అనేవారు. కుడి చెవి దగ్గరకెళ్ళి అరిస్తే ఆ అరుపు కూడా కిందకి వినపడేది.

ఏప్రిల్లో ఒకరోజు, ఆయన్ని కాసేపు కళ్ళముందు నుంచి పంపించడానికే, బట్టల బుట్ట ఇచ్చి కెల్లర్‌లోకి పొమ్మన్నాను. కెల్లర్ అంటే ఇంటి కింద నేలగది, వాషింగ్ మెషిన్లు అక్కడే ఉంటాయి. గంటయింది, రాలేదు. రెండు గంటలయింది. పడిపోయారో, ఓనరు గారు పట్టుకుని తిడుతున్నారో! పాపని చంకనేసుకుని పరిగెత్తాను.

చూస్తే ఇద్దరూ మాస్కులు పెట్టుకుని పనిబల్లకి ఆ చివరా ఈ చివరా నిలబడి ఉన్నారు. బల్ల మీద గుండ్రంగా క్యారట్లు పేర్చి ఉన్నాయి, ఓనరు గారు చలికాలం కోసం ఇసకలో దాచుకున్న క్యారట్లు. ఒక్కో క్యారట్ మీద ఒక్కో బంగాళాదుంప. గోడకి ఒక పాత ఇనప బిళ్ళ, దాని మీద రష్యన్ అక్షరాలు. అది చూసి మావయ్యగారు పైకి చదివారట. ఓనరు గారి చేతిలో స్పానర్ కింద పడిందట. మా ఓనరు గారు తూర్పు జర్మనీలో పుట్టిన మనిషి, కుర్రతనంలో అక్కడి సైన్యంలో టీ-72 మెకానిక్కుగా చేసి, దేశం కలిశాక ఇక్కడ కార్ల ఫ్యాక్టరీకొచ్చారు. బవేరియాలో ముప్ఫై ఏళ్ళలో ఆయన్ని ఆ ట్యాంకు గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఈయనకి జర్మన్ రాదు, ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఆయన బళ్ళో రష్యన్ చదివారు. ఈయన ట్రైనింగులో రష్యా నుంచి వచ్చిన మాస్టర్ల దగ్గర అంకెలూ, సామాన్ల పేర్లూ నేర్చుకున్నారు. దాంతోనే నడిచిపోతోంది. "అదీన్, ద్వా, త్రీ," అని ఈయన క్యారట్లు లెక్కపెడుతుంటే, "చెతీర్యే, ప్యాచ్," అని ఆయన అందుకుంటున్నారు. నన్ను చూసి మావయ్యగారు ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "అమ్మాయ్, సాబ్ మన బిరాదరీయే," అన్నారు.

ఆ రోజే ఆ ట్యాంకు గుట్టు నాకూ తెలిసింది. మామూలు ట్యాంకులో నలుగురుంటారు, గుండు ఎత్తి ఫిరంగిలో పెట్టడానికే ఒక మనిషి కావాలి. రష్యావాళ్ళు ఆ మనిషిని తీసేసి, అడుగున ఒక పళ్ళెం పెట్టారు. దానికి ఇరవై రెండు అరలు. ఒక్కో అరలో కింద గుండు, పైన మందు, క్యారట్టూ బంగాళాదుంపా అన్నమాట. ఏ అరలో ఏ రకం గుండు ఉందో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. మీట నొక్కితే పళ్ళెం తిరిగి, కావలసిన రకం పైకి లేచి, ఫిరంగిలోకి వెళ్ళిపోతుంది. ఏడెనిమిది సెకన్ల పని. మనిషి తగ్గాడు కాబట్టి ట్యాంకు పొట్టిదైంది, బరువు తగ్గింది, దూరం నుంచి కనపడదు. "బుర్రంటే రష్యావోడిది," అన్నారు మావయ్యగారు. ఓనరు గారు అర్థం కాకపోయినా తలూపారు.

క్యారట్ల మధ్యలో ఒక చిన్న టమాటా ఉంది. అది గన్నర్, ట్యాంకులో గురిచూసి పేల్చే మనిషి. పాప దాన్ని చూసి ఓనరు గారిని జర్మన్‌లో అడిగింది: "చుట్టూ బాంబులుంటే టమాటాకి దెబ్బ తగలదా?" ఓనరు గారు చేతిలో క్యారట్ బల్ల మీద పెట్టేశారు. తిన్నగా గుండు తగిలితే ఆ పళ్ళెం అంతా ఒక్కసారే పేలుతుంది, లోపలివాళ్ళు మిగలరు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, ఇద్దరూ ఆ పళ్ళెం మీదే కూర్చుని ఉద్యోగం చేశారు. మావయ్యగారికి పాప అడిగింది అర్థం కాలేదు, కానీ సాబ్ మొహం అర్థమైంది. టమాటా తీసి, జేబులో గుడ్డతో తుడిచి, పాపకి తినమని ఇచ్చేశారు.

ఇక అక్కడి నుంచి ఇద్దరూ తోటలో బెంచీకి రెండు చివర్లా కూర్చునేవారు, మధ్యలో మా టాబ్లెట్. అందులో రష్యా కొత్త ట్యాంకు వీడియోలు. పైన ఫిరంగి తిరిగే టరెట్‌లో మనిషే ఉండడు, ముగ్గురూ ముందువైపు మందమైన ఇనప పెట్టెలో కూర్చుని తెరలు చూస్తూ నడుపుతారు. దాన్ని చూసి ఓనరు గారు నాతో అన్నారు: "హెర్ సుబేదార్‌కి చెప్పండి. చివరికి మనిషిని మందుగుండుకి దూరంగా కూర్చోబెట్టారు." నేను తెలుగులో చెబితే మావయ్యగారు, "మాకు ముందే తెలుసని చెప్పమ్మా. మమ్మల్నడిగితే కదా!" అన్నారు. టీ-90 ఫిరంగి గొట్టంలోంచే క్షిపణి వదిలితే అది లేజర్ కిరణాన్ని పట్టుకుని గురి దగ్గరకెళుతుందని ఈయన గొప్పలు పోయేవారు. అది తమ కాలంలో లేదని ఆయన కుళ్ళుకునేవారు. మధ్యలో దుబాసీని నేను. ఇళ్ళు చూసుకోవలసిన మనిషిని, మే నెలంతా ట్యాంకుల జర్మన్ నేర్చుకున్నాను.

అయినా ఓనరు గారి ఉత్తరం ఉత్తరమే. స్నేహం వేరు, ఒప్పందం వేరు. జూన్‌లో ఇంకో ఉత్తరం వేశారు, ఎంతో మర్యాదగా: సెప్టెంబరు ముప్ఫైకి తాళాలు అప్పగించవలెను. అది చదివి నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. మావయ్యగారు ఉత్తరం అడిగి తీసుకున్నారు, తుడిచారు, మా ఆయనతో చదివించుకున్నారు. తర్వాత వంటింట్లో స్టూలేసుకుని కూర్చుని, "రోజూ పెట్టినట్టే తాలింపెట్టమ్మాయ్, చూత్తాను," అన్నారు. చేతిలో వాచీ.

నాకు ఒళ్ళు మండింది. నా తాలింపుని తనిఖీ చేసేవాళ్ళు మా అత్తగారి వైపు ఎవరూ మిగల్లేదనుకున్నాను! అయినా పెట్టాను. నూనె పోశాను. ఆవాల పాకెట్ ఎక్కడో కిందుంది, తీశాను. రబ్బరు బ్యాండ్ ఊడదీశాను. జీలకర్ర పాకెట్ కోసం అర వెతికాను. ఎండుమిర్చి తుంచాను. ఆయన వాచీ చూపించారు. "నూనె కాగేక నువ్ సామాను వెతకటానికి ఒక నిమిషం పైన పట్టింది. వాసన తాలింపుది కాదు, మాడిన నూనెది. జబ్బు లోడింగ్‌లో ఉంది."

"పోపుల పెట్టె కొనుక్కుంటే సరిపోయేదిగా నాన్నా," అన్నాడు మా ఆయన పడగ్గదిలోంచి. మావయ్యగారికి ఆ చెవి వినపడదు.

అలా మొదలైంది. కెల్లర్‌లో రెండు నెలలు ఇద్దరూ చేసిన పని అదే. అరలు ఇరవై రెండు ఉండాలని ఇద్దరూ పట్టుబట్టారు. నా దగ్గరున్న దినుసులు తొమ్మిదేనని చెప్పినా వినలేదు. "ఆవాలకి ఆరు అరలు. ఎక్కువ పేల్చేవి ఎక్కువ ఉండాలి," అన్నారు మావయ్యగారు. ఓ పాత కారు వైపర్ మోటారు దొరికింది. పళ్ళెం మాత్రం సరైంది దొరకలేదు. ఓనరు గారు ఒకరోజు పైకెళ్ళి, వాళ్ళావిడ కేకులు పెట్టే తిరుగుడు పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టారు. మావయ్యగారు దాన్ని మాత్రం తుడవలేదు. రెండు చేతులతో అందుకుని, "సాబ్," అన్నారు. అంతకంటే మాట్లాడుకోవడానికి ఇద్దరికీ భాష లేదు, అవసరమూ పడలేదు.

ఒక్కో అరా ఒక చిన్న ఇత్తడి గిన్నె. అడుగున ఒక మేకు, ఒక్కో దినుసుకి ఒక్కో ఎత్తు. ఏ మీట నొక్కితే ఆ ఎత్తు మేకు దగ్గర పళ్ళెం ఆగుతుంది, గిన్నె వంగి ఒక తాలింపుకి సరిపడా సామాను గొట్టంలోంచి మూకుట్లోకి జారుతుంది. స్టవ్‌కి మూరెడు దూరంలో పెట్టారు, మందుగుండుకి మంట దూరంగా ఉండాలి కదా. ప్రతి గిన్నె దాటేటప్పుడు ఒక రేకు తగిలి టక్ మంటుంది. పళ్ళెం ఒకవైపే తిరుగుతుంది. "ఒక్క అర దాటిపోయినా చుట్టంతా తిరిగి రావాలా? వెనక్కి తిప్పచ్చుగా," అన్నాను. "రష్యావోడు వెనక్కి తిప్పడమ్మాయ్," అన్నారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. మా ఆయన చిన్నప్పటి సంగతేదో గుర్తుచేసి దెప్పినా అదే అనేవారు, కొంచెం నవ్వుతూ, కొంచెం తల దించుకుని.

ఆగస్టు మొదటి శనివారం పరీక్ష. ఓనరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మాస్కుతో మా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. తాలింపు వాసన మెట్ల మీదకి రాకపోతే ఒప్పందం సంగతి ఆలోచిస్తానని ముందే అన్నారు. మావయ్యగారు సెల్యూట్ కొట్టి నాకు సైగ చేశారు. నూనె కాగింది. నేను జీలకర్ర మీట నొక్కాను.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. ముందురోజు, అతిథి వస్తున్నాడని, గిన్నెలన్నీ కడిగి తుడిచి మళ్ళీ నింపాను. నింపేటప్పుడు నాకు వీలుగా ఉంటుందని జీలకర్ర అరలో కారం పోసి, జీలకర్రని అవతలికి మార్చాను. పోపుల పెట్టెలో ఏ ఆడదైనా చేసే పనే. మేకులు మార్చాలన్నది నా బుర్రకి తట్టలేదు. మావయ్యగారు రెండు నెలల్నించీ, "నువ్ మార్చినా యంత్రానికి చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది? ఖాళీ అరని కూడా చెప్పి పెట్టుకోవాలి," అని మొత్తుకుంటూనే ఉన్నారు.

కాగిన నూనెలో చెంచాడు గుంటూరు కారం పడింది. తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. మా ఆయన పడగ్గదిలోంచి దగ్గుకుంటూ పరిగెత్తాడు. పాప తుమ్మింది. ఘాటు మెట్లెక్కింది, దిగింది. ఎదురింటి తలుపు వెనక ఒకరు, పైఅంతస్తులో ఇంకొకరు, బిల్డింగంతా ఖళ్ళుఖళ్ళుమని ఒకటే దగ్గు. అదీ రెండువేల ఇరవైలో! తలుపులు ధడాధడా మూసుకున్నాయి, కిటికీలు తెరుచుకున్నాయి. పైఅంతస్తావిడ, ఎవరికి వచ్చింది, ఎవరికి వచ్చింది అని మెట్ల మీదనుంచి అరిచింది. ఇల్లు పోయింది, సెప్టెంబరు దాకా కూడా ఉంచడు, అనుకున్నాను.

ఓనరు గారు గుమ్మం పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నారు. కళ్ళంట నీళ్ళు. పరిగెత్తుకెళ్ళి చూస్తే దగ్గుతూ నవ్వుతున్నారు. ఆపుకోలేక, చెయ్యి ఊపుతూ, మళ్ళీ దగ్గుతూ నవ్వుతున్నారు. "లోడింగ్ సరిగ్గానే ఉంది, హెర్ సుబేదార్! గుండే వేరే రకం!" అన్నారు. నేను తెలుగులో చెప్పేలోపే మావయ్యగారికి అర్థమైపోయింది. ఆయన నావైపు చూసిన చూపు, పెద్ద అధికారి ముందు కొత్త రంగరూటు తప్పుచేస్తే చూసే చూపు. తర్వాత ఆయన కూడా నవ్వేశారు.

మర్నాడు పెట్టెలో ఉత్తరం ఉంది. చేతిరాత. మా ఆయన పైకి చదివాడు: "పరీక్షలు మధ్యలో ఉండగా సిబ్బందిని మార్చడం పద్ధతి కాదు. కాబట్టి యంత్రం ఇరవై రెండు అరలతో పూర్తయి, పరీక్ష నెగ్గేవరకు ఇంటి ఒప్పందం ఇదే అద్దెకి కొనసాగుతుంది." కింద సంతకం. మావయ్యగారు ఆ కాగితాన్ని మడిచి నా చేతికిచ్చి, జాగ్రత్తగా దాచమన్నారు. ఆ పూట మా ఆయన మొదటిసారి తనంతట తానుగా కెల్లర్‌లోకి దిగి, "ఏం చేస్తున్నారు నాన్నా, నాకూ చూపించండి," అన్నాడు. గంట తర్వాత చేతులకి గ్రీజుతో పైకొచ్చాడు.

ఆ నెల్లోనే మిగతా అరలు ఇరవై దాకా బిగించారు. ఇరవై ఒకటోది సెప్టెంబరు మొదట్లో. అక్కడి నుంచి మావయ్యగారికి నడుం నొప్పి పట్టుకుంది, తర్వాత ఇత్తడి రేకు మందం నచ్చలేదు, తర్వాత మంచి ముహూర్తం లేదన్నారు. ముహూర్తాలు నమ్మని మనిషి! ఈలోగా ఇండియాకి ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. ఎయిర్‌పోర్టులో, పీపీఈ గౌను తొడుక్కుని, మొహానికి ప్లాస్టిక్ అద్దం పెట్టుకుని, నన్ను పక్కకి పిలిచారు. చెవుడు మనిషి గుసగుస కాబట్టి నలుగురూ తిరిగి చూశారు.

"అమ్మాయ్, ఆ ఇరవై రెండోది నేనొచ్చి చేత్తానని సాబ్‌కి చెప్పేను. ఎవర్నీ చెయ్యనివ్వకు. అది బిగిస్తే మీ ఇల్లు పోద్ది. నా సర్వీసంతా పని పూర్తిచెయ్యటమే నేర్చుకున్నాను. ఒక్కటి వదిలేసి పోతన్నాను, నీ కోసం."

నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, దూరం పాటించమని అద్దం వెనకనుంచి వేలు చూపించారు.

తర్వాత ఎనిమిది నెలలు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో యంత్రం తనిఖీ జరిగేది. నేను పళ్ళెం తిప్పి చూపించేదాన్ని. "మేకులకి తుప్పు రానియ్యకు," అనేవారు. "సాబ్ ఏవంటున్నారు?" అనేవారు. ఓనరు గారు మెట్ల మీద కనపడినప్పుడల్లా, "హెర్ సుబేదార్ ఎప్పుడొస్తున్నారు? ఇరవై రెండోది మిగిలిపోయింది," అనేవారు. విమానాలు మొదలయ్యాక అని నేననేదాన్ని. అనేసి నా ఇంట్లోకొచ్చి తలుపేసుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని.

అందుకే కబురు తెలిసిన రోజు నాకు రెండు దుఃఖాలు. ఫోన్‌లో దహనం చూస్తూ మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు, పాప వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. నేను ఏడుస్తూనే, సిగ్గులేకుండా, ఇల్లు కూడా తలుచుకున్నాను. ఇక రాని మనిషి కోసం ఆ పని ఎంతకాలం ఆగుతుంది? ఓనరు గారు పద్ధతి మనిషి, సగంలో ఆగిన పని చూస్తే నిద్రపట్టని మనిషి. పూర్తిచేస్తానంటే కాదనడానికి నా దగ్గర ఏముంది?

మర్నాడు కిందకి వెళ్ళి చెప్పాను. ఓనరు గారు మాస్కు సర్దుకుని, కెల్లర్ తాళం తీసుకుని, రమ్మని సైగ చేశారు. పనిబల్ల కింద సొరుగు లాగారు. లోపల ఒక గుడ్డ మూట. విప్పితే ఇత్తడి గిన్నె, నున్నగా, అద్దంలా మెరుస్తోంది. అడుగున మేకు, పక్కన 22 అని చెక్కి ఉంది.

ఇక బిగించడమే తరువాయి అనుకున్నాను.

"అక్టోబరులోనే చేశాను," అన్నారు. "హెర్ సుబేదార్ వెళ్ళిన తర్వాతి వారం. రేకు మందం గురించి ఆయన చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. రేకు బాగానే ఉంది. ఆయనెందుకు ఆపారా అని ఆలోచించాను. అప్పుడు నేను రాసిన కాగితం గుర్తొచ్చింది." కాసేపు గిన్నెని అటూ ఇటూ తిప్పి చూశారు. "మంచి మెకానిక్. ఏది బిగించకూడదో తెలిసినవాడు."

నేను ఏడ్చేశాను. ఆయన నావైపు చూడకుండా గిన్నెని మళ్ళీ గుడ్డలో చుట్టారు. అప్పుడు చూశాను, ఆ గుడ్డ మా మావయ్యగారి జేబులో ఉండేదే. అంచుకి పసుపు మరక.

"ఇరవై రెండోది హెర్ సుబేదార్ పని. ఆయనే వచ్చి బిగించాలి. ఆయన రాలేదు కాబట్టి పని పెండింగ్. కాగితంలో స్పష్టంగా ఉంది," అని సొరుగు మూసి తాళం వేశారు. మెట్లెక్కుతూ ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నారు: "మీ వంటిల్లు సరిగ్గా నా కుర్చీకి పైన ఉంటుంది. రోజూ పదకొండింటికి వింటాను. ఇరవై ఒక్క టక్కులు, ఒక చోట చప్పుడుండదు. అది విన్నాక నేనూ స్టవ్ వెలిగిస్తాను."

ఇప్పుడు కూడా రోజూ పదకొండింటికి నూనె కాగుతుంది. పాప స్టూలెక్కి రష్యన్‌లో లెక్కపెడుతుంది, తాత నేర్పిన లెక్క. ఒక్కోరోజు ఆవాల అర ఎదురుగానే ఉన్నా నేను మీట ఆలస్యంగా నొక్కి, ఆవాల అరలు ఆరింటినీ దాటిపోనిస్తాను. రష్యావోడు వెనక్కి తిప్పడు కాబట్టి పళ్ళెం చుట్టంతా తిరగాలి. టక్, టక్, టక్. ఇరవై ఒకటి అయ్యాక పాప నోటి మీద వేలేసుకుంటుంది. ఖాళీ అర మా ముందు నుంచి నెమ్మదిగా వెళుతుంది. మేమిద్దరం పైన, ఆయన కింద, ఆ ఒక్క క్షణం ఊపిరి బిగపట్టుకుని ఉంటాం. అప్పుడు ఆవాలు పడతాయి.